కొండ మీద దింపు ఈల

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అది నాన్న దగ్గర నేర్చుకున్నదే. ఎవరైనా ఫలానా చెట్టు మీద దెయ్యం ఉందంటే, "మన అల్లవరంలో నేనెక్కని చెట్టు లేదండీ. చీమలు కుట్టేయి గానీ, ఏ దెయ్యమూ పలకరించలేదు" అనేవారు.

ఆయనది కొబ్బరి దింపు పని. గెల నరికే ముందు కింద ఉన్నవాళ్ళను హెచ్చరిస్తూ ఈల వేసేవారు. రెండు సాగదీసి, ఒకటి తుంచేసి. అది వినగానే పైకి చూడకూడదు, పక్కకు దూకాలి. పైకి చూసినవాడి మొహం మీదే కాయ పడుతుందని మా ఇంట్లో చెప్పేవారు.

నిరుడు పక్షవాతం వచ్చి ఆయన మూతి వంకరపోయింది. మాట కొంచెం తిరిగొచ్చింది, ఈల రాలేదు. పొద్దున్నే చెట్లకేసి చూస్తూ పెదాలు సున్నా చుట్టేవారు. ఉత్త గాలి వచ్చేది. చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

నాతోపాటు అమలాపురంలో పాఠాలు చెప్పే సుధాకర్‌కు పక్షుల పిచ్చి. "మారేడుమిల్లి కొండల పైన, వాగుల దగ్గర అచ్చం మనిషిలా ఈలేసే పిట్ట ఉందండీ మాష్టారూ. ఫోన్లో రికార్డు చేసి నాన్నగారికి వినిపిద్దాం" అన్నాడు. వానలు మొదలయ్యాక వెళ్ళి, అక్కడే ఓ రాత్రి ఉండి, పొద్దున్నే కొండెక్కాం.

కొండ కింద అంతా మనవాళ్ళే: కాకులు, గోరింకలు, లకుముకి పిట్టలు. కాస్త ఎక్కేసరికి కాకులు ఆగిపోయాయి. ఇంకా ఎక్కితే గోరింకలు కూడా పోయి, మెడ దగ్గర పసుపుపచ్చ తోలు వేలాడే కొండగోరింకలు వచ్చాయి. ఆ పైన నేను పేరు కూడా వినని పిట్టలు. ఎవరో కొండను వాటాలేసి ఎవరి ఎత్తు వాళ్ళకి పంచిపెట్టినట్టుంది. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, ఎత్తంటే నాకు కొబ్బరి చెట్టే. నోరు తెరుచుకుని చూస్తూ ఎక్కాను.

వాగు పక్కన ఆగి రికార్డింగు పెట్టాను. పిట్ట ఇంకా కూయలేదు. అప్పుడు నెత్తిమీద నుంచి ఈల వినిపించింది. రెండు సాగదీసి, ఒకటి తుంచేసి.

నేను పైకి చూడలేదు. సుధాకర్ చెయ్యి పట్టుకుని పక్కకు దూకాను. మేం నిలబడ్డ చోట ఎండిన కొమ్మ ఒకటి విరిగి పడింది. నా నడుమంత లావుంది.

"ఎలా తెలిసిందండీ మీకు?" అన్నాడు సుధాకర్. అతనికి ఏ ఈలా వినపడలేదట. కాసేపటికి పిట్ట కూసింది. ఎంత బాగుందో చెప్పలేను, కానీ అది నాన్న ఈల కాదు.

కిందికి దిగి ఇంటికి ఫోన్ చేస్తే, నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. "ఒరే, పొద్దున్న మీ నాన్న ఈలేసేరురా! మంచంలో ఉండే! వాకిలి ఊడుస్తున్నదాన్ని, అలవాటు కొద్దీ చీపురొదిలేసి పక్కకి గెంతేను. ఇక్కడేమీ పడలేదు మరి!"

కొమ్మ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కంగారు పడతారని. సాయంత్రం ఇల్లు చేరి, నాన్న పక్కన కూర్చుని రికార్డింగు పెట్టాను. వాగు చప్పుడు ఉంది, కొమ్మ విరిగిన చప్పుడు ఉంది. ఈల లేదు.

కొమ్మ చప్పుడు దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "తప్పుకున్నావా?" అన్నారు, మాట కూడదీసుకుని.

ఇదేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆయన మళ్ళీ ఈల వేయనూ లేదు. ఆ పూట మాత్రం, "ఆయ్, తప్పుకున్నానండీ" అన్నాను.