అక్క ఓడిపోయిన పోరు

మొన్న భూపాలపల్లి బస్టాండులో జనగామ బస్సు కోసం చూస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోనులో ఏదో యుద్ధం ఆట తెరిచి, ఒక మీట నొక్కి, దాన్ని ఒళ్లో పడేసి పల్లీలు వలుచుకోసాగాడు. తెరమీద ఆయన వీరుడు తనంతట తానే కత్తి దూసి, తనంతట తానే గెలుస్తున్నాడు. నాకెందుకో కూర్చోబుద్ధి కాలేదు. బస్సు వచ్చేదాకా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట హైదరాబాదులో, వీడియో గేములు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. బంధువులకు ఆ ఉద్యోగమేమిటో చెప్పలేక కంప్యూటర్ పని అని సరిపెట్టిన రోజులవి. మా గేములో వంతులవారీ పోరు ఉండేది. మనం ఆలోచించుకునేంతసేపు శత్రువు ఆగి ఉంటాడు. అందులో అగ్గి రాక్షసుడి పోరును నెలల తరబడి నేనే అల్లాను. వాడు ఎర్రబడ్డప్పుడు కొడితే ఇంకా బలుస్తాడు. డాలు అడ్డంపెట్టి ఓపిక పట్టి, చల్లబడ్డాక కొట్టాలి. ఆ కిటుకు ఎక్కడా చెప్పం, ఆడేవాళ్లే పట్టుకోవాలి. ఇంత కష్టమైతే కొత్తవాళ్లెవరు ఆడతారని మా సారుకు అనుమానం వచ్చి, గేములంటే తెలియనివాళ్లతో ఆడించి రిపోర్టు రాసి తెమ్మన్నాడు.

ల్యాప్‌టాప్ పట్టుకుని మరిపెడలో అక్క ఇంటికి పోయాను. ఇంగ్లీషు రాని అక్క ఏ బొమ్మ దేనికో ఒక్కసారే అడిగి కూర్చుంది. వరుసగా ఏడుసార్లు ఓడిపోయింది. పొయ్యిమీద కూర మాడినా లేవలేదు. ఎనిమిదోసారి మొదలుపెట్టబోతుంటే, బస్సుకు వేళైందని నేనే మూసేశాను. రిపోర్టులో ఏడు ఓటముల సంగతి రాశాను గానీ, అక్క ఎనిమిదోసారికి సిద్ధమైన సంగతి రాయలేదు. సారు చదివి, పోరును తేలిక చెయ్యమన్నాడు. నా చేతులతోనే రాక్షసుడు ఎర్రబడే ఆ కోపం తీసేశాను.

నెల తర్వాత నేను సెలవుకు వచ్చినప్పుడు, అక్క జనగామలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడుస్తూనే ఆట పెట్టమంది. మిరపకాయల తొడిమలు తీస్తున్నన్ని రోజులూ దాని గురించే ఆలోచించిందట.

“వాడు ఎర్రగైనప్పుడు కొట్టుడు బందువెట్టాలె. గంతే గదా,” అంది.

మార్చిన ఆటే ముందు పెట్టాను. అక్క డాలు ఎత్తి ఎదురుచూసింది. వాడు ఎర్రబడనే లేదు. రెండు దెబ్బలకే కూలిపోయాడు. అక్క తెరవంక చూసి, మార్చినవా అని మెల్లగా అడిగింది. కొత్తవాళ్లకు కష్టమవుతోందని మార్చామన్నాను.

“ఓడిపోయిన గని, నాతోని గాదని చెప్పిన్నా తమ్మీ?”

తర్వాత ఎన్నిసార్లు కలిసినా అక్క ఆట ఊసెత్తలేదు.

ఆ గేమును, అంతకుముందు ఏ ఆటా ముట్టనివాళ్లు ఎందరో సంతోషంగా ఆడారు. వాళ్ల ముఖాలు తలుచుకుంటే సారు మాట తప్పనిపించదు, అక్క ముఖం తలుచుకుంటే ఒప్పనిపించదు. ఈ వయసులోనూ మనసు రెంటి మధ్యా కుదురుగా నిలవదు. ఇవాళ్టి ఆటలు ఎవరినీ బయట నిలబెట్టడం లేదు, అది మంచిదే. ఏమీ తోచనప్పుడు నేనూ ఆడతాను, రోజూ గెలుస్తాను. గెలిచి లేచాక, ఎవరితో పోరాడానో మాత్రం గుర్తుండదు.