మా మామ మేడ మీద నిశ్శబ్ద గేమ్ సెంటర్

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా ఆవిడ నవ్వుతుంది. "ఏ రోజుల్లో? మొన్ననే గదా?" అంటుంది. నిజమే, నా ఆ రోజులకు ఇంకా తల నెరవలేదు. అప్పటికే అందరి చేతుల్లో స్మార్ట్ ఫోన్లున్నాయి, నంద్యాలలో వీధికో మొబైల్ అంగడి వెలిసింది. అయినా ఒకప్పుడు మనం ఎంత ధీమాగా తిరిగామో తలుచుకుంటే అది ఎంత దగ్గరి కాలమైనా పాత కాలంలాగే కనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఓటమంటే ఏమిటో తెలియదు. ఆటల్లో కాదు లెండి, బేరాల్లో.

మాది నంద్యాలలో పాత్రల అంగడి. కుడి పక్క సైకిల్ సామాన్లు, ఎడమ పక్క కిరాణా, ఎదురుగా చెప్పులు. వీళ్లందరి మధ్య పెరిగాను కాబట్టి తోటి పిల్లలు ఎక్కాలు నేర్చుకునే వయసులో నేను ముఖాలు నేర్చుకున్నాను. కొనదలచుకున్న వస్తువు వైపు కన్నెత్తి చూడకూడదని, అక్కర్లేని దాన్ని తిప్పి తిప్పి చూడాలని, మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరగకూడదని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, గాలిలోంచే అబ్బింది. దానికి నా సొంత కనిపెట్టుడు ఒకటి జోడించాను. అది వస్తువులోంచి వస్తువు తీసేయించడం. మిక్సీ కొనేటప్పుడు "మూడో జార్ మీరే ఉంచుకోండి, ధర దించండి" అనేవాణ్ని. ఫ్యాన్ కొంటే అట్టపెట్టె వద్దనేవాణ్ని, టార్చ్ కొంటే దాని తాడు వద్దనేవాణ్ని. అమ్మేవాళ్లు నా వైపు చిత్రంగా చూసేవాళ్లు. నేను దాన్ని గౌరవం అనుకునేవాణ్ని. (ఆ మూడో జార్ గురించి మా అమ్మకు వేరే అభిప్రాయం ఉంది. పచ్చడి నూరిన ప్రతిసారీ చెబుతుంది.)

డిగ్రీ అయ్యాక పాత్రల అంగట్లో కూర్చోమన్నారు. నేను మాత్రం గేమ్ సెంటర్ పెడతానన్నాను. వాడిన గేమ్ కన్సోల్ ఒకటి, పెద్ద టీవీ ఒకటి అప్పటికే బేరమాడి పెట్టుకున్నాను. నంద్యాలలో గది అద్దెలు విని మా నాయన చేతులెత్తేశాడు. అప్పుడు గుర్తొచ్చాడు ఆళ్లగడ్డ మేనమామ. ఆయనది మెయిన్ రోడ్డు మీద చీరల అంగడి, పైన ఒక ఖాళీ గది. ఊళ్లో అందరూ ఆయన్ను 'ఒక్కమాట' అంటారు. ధర ఒకసారి చెప్పాడంటే చెప్పినట్టే, పైసా దిగడు. సొంత అక్క, అంటే మా అమ్మ, చీర కొనడానికి పోయినా దిగలేదు. అలాంటి మనిషిని గది అడగడానికి పోయాను.

"ఏందప్పా అది, పిల్లోళ్లు తుపాకులు పట్టుకోని టీవీలో కాల్చుకుంటారే, అదేనా?" అన్నాడు మామ.

"క్రికెట్ కూడా ఉంటాది మామా."

"ఏదైతే ఏంది. కింద ఆడోళ్లు చీరలు సూస్తాంటారు. పైనుంచి ఢాం ఢాం అంటే లేచిపోతారు. అద్దె వద్దు, నువ్వు మా అక్క కొడుకువి. చప్పుడు మాత్రం రాకూడదు. చప్పుడొచ్చిందా, చలికాలానికి దుప్పట్ల మూటలు దిగుతాండాయి, ఆ గది వాటికే. ఒక్కటే మాట."

అద్దె లేని గది! నా మనసు గంతులు వేసింది కానీ ముఖం మీదికి రానివ్వలేదు. టీవీ సౌండ్ పూర్తిగా ఆపేసి ఆడిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు వినపడకపోతే కుర్రాళ్లు రెండో ఓవర్‌కే లేచిపోతారు. అందుకే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కావాలి. ఆటగాళ్లు ఇద్దరు, హెడ్‌ఫోన్లు రెండు, చప్పుడు వాళ్ల చెవుల్లోనే, కింద మామ ప్రశాంతం. ఈ ఆలోచన వచ్చినప్పుడు బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయనకు కూడా వివరించాను. ఆయన శిరివెళ్ల దగ్గర దిగిపోయాడు.

నంద్యాలలో ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడి ఒకటి నాకు తెలిసినదే. దాని యజమాని కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి, కళ్ల మీదికి దిగగా నేను చూడలేదు. ఆయన ఒక పెట్టె విప్పి చూపించాడు. రెండు హెడ్‌ఫోన్లు, వాటి మధ్య గుంటలో బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి. నేను పద్ధతి ప్రకారం పక్కనున్న రేడియోను తిప్పి చూసి, హెడ్‌ఫోన్లను పక్కకు నెట్టి, చివరికి విసుగ్గా ఒకటి తీసి నా ఫోన్‌కు కలిపి చూశాను. చిటికెలో కలిసింది. పాట బ్రహ్మాండంగా వినిపించింది.

"అన్నా, ఈ చిన్న ముక్క ఏంది?"

"అది ట్రాన్స్‌మిటర్ అప్పా. మిషన్‌కు గుచ్చితే ఆడ్నుంచి హెడ్‌ఫోన్‌కు సౌండ్ పోతాది."

"ఇప్పుడు నా ఫోన్‌కు ముక్క లేకుండానే కలిసింది గదా?"

"ఫోన్ వేరు, ఆటల మిషన్ వేరు. కొన్ని మిషన్లు మామూలు బ్లూటూత్‌ను దగ్గరికి రానీవు. ముక్క ఉండాల్సిందే."

నేను లోపల నవ్వుకున్నాను. మూతలు లేకుండా గిన్నెలు అడిగేవాళ్లతో మా నాయన కూడా ఇదే గొంతుతో "మూత ఉండాల్సిందే" అంటాడు. అంగడివాడి కొడుక్కే అంగడి మాటలా?

"ముక్క నువ్వే ఉంచుకో అన్నా. ధర దించు."

ఆయన మొదటిసారి కళ్లద్దాల కోసం నుదురు తడుముకున్నాడు. "ఒకసారి ఆలోచన చేసుకో."

"ఆలోచన చేసుకునే వస్తి."

దించాడు. మెట్లు దిగుతుంటే వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఆ ముక్కను ఆయన పారేయకుండా జాగ్రత్తగా గల్లాపెట్టెలో దాచుకోవడం కనిపించేదేమో.

ఆదివారం పొద్దున ప్రారంభం. కొబ్బరికాయ కూడా బయటే, రోడ్డు మీద, చప్పుడు కాకుండా కొట్టాను. మొదటి గిరాకీగా ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు గడ్డం వాడు, ఇంకొకడు ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతుండే 'కామెంటరీ'. హెడ్‌ఫోన్లు తగిలించాను, కన్సోల్ వేశాను, కలిపాను. కలవలేదు. మళ్లీ కలిపాను. కన్సోల్ అసలు వాటి ముఖమే చూడనంది. హెడ్‌ఫోన్ బటన్లు ఊరికే నొక్కుతూ, "చార్జింగ్ ఎక్కుతాండాదప్పా, అంతే" అన్నాను. కన్సోల్‌తో పని కాకపోతే టీవీ ఉంది కదా, టీవీలో కూడా బ్లూటూత్ ఉంది కదా అని దాని సెట్టింగుల్లో దూరాను. తెర మీద అర్థం కాని అక్షరాలు, అంకెలు కలిసిన పేరు ఒకటి వచ్చింది. హెడ్‌ఫోన్లది తప్ప ఇంకెవరిదవుతుంది అని నొక్కాను. కలిసిందని టీవీ చెప్పింది. గదిలో చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"ఇనపడ్తాందా?" అన్నాను.

"ఏమీ ఇనపడ్ల్యా అన్నా" అన్నాడు గడ్డం వాడు.

"మొదటి ఆట గదా, వేడెక్కాల. ఆడతాండండి, వస్తాది."

తలుపు మూసి మెట్ల మీద నిలబడి చెవి ఒగ్గాను. పై గది నుంచి ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. రోడ్డు మీద బేతంచెర్ల బండల లారీ ఒకటి పోయింది, దాని చప్పుడే ఎక్కువ. హెడ్‌ఫోన్లు పని చేయకపోతేనేం, మామ షరతు మాత్రం నెగ్గింది. ఆ మాట ఆయనకు నా నోటితోనే చెప్పాలని దర్జాగా మెట్లు దిగాను.

దిగేసరికి అంగట్లో ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. కూతురికి చర్చిలో పెళ్లి, తెల్ల పట్టుచీర కోసం వచ్చింది. ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి, గొంతులో ఇంకా బెత్తం ఉంది. మామ చీర మడత విప్పి ధర చెప్పాడు. చెప్పీ చెప్పగానే అంగట్లో వేలమంది జనం ఒక్కసారిగా "ఓహ్..." అని నీరసంగా మూలిగారు.

మామ చుట్టూ చూశాడు. టీచరమ్మ చుట్టూ చూసింది. నేను మాత్రం గోడకున్న స్పీకర్ వైపు చూశాను. పొద్దున మామ భక్తి పాటలు పెట్టుకునే బ్లూటూత్ స్పీకర్ అది. ఆయన ఫోన్ చార్జింగ్ అయిపోయి మూలన పడుకుంటే, ఇది ఖాళీగా కూర్చుని ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. పిలిచింది నేనే, టీవీలో నేను నొక్కిన ఆ పేరు దీనిదే.

"నేనైతే ఇంతకే తీసుకుంటానప్పా" అని టీచరమ్మ తన ధర చెప్పింది. పైన ఎవడో సిక్సర్ కొట్టి ఉంటాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు, డప్పులు, ఆనందం పట్టలేని ఒకాయన ఇంగ్లీషు అరుపులు.

"ఏందిది?" అన్నాడు మామ. "కాదమ్మా, మాది ఒక్కటే మాట..." అనబోయాడు. స్పీకర్లో మళ్లీ మూలుగు. ఈసారి గుమాస్తా కూడా నవ్వాడు. మడతలు విప్పిన చీరల మధ్య కూర్చున్న ఆడవాళ్లందరూ నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఇంతమంది చెప్తాంటే ఇనవేందప్పా?" అంది టీచరమ్మ. "జనమంతా నా పక్కే ఉండారు." అని మళ్లీ అదే ధర చెప్పింది. మళ్లీ సిక్సర్. (ఆ బంతి వేసింది గడ్డం వాడని తర్వాత తెలిసింది. వాడికి బౌలింగ్ రాదు.)

నేను స్పీకర్ తీగ లాగేసేలోపు జరగరానిది జరిగిపోయింది. పది మంది చూస్తుండగా మా మామ ధర దిగాడు. టీచరమ్మ చీర తీసుకుని పోయాక ఆయన నా వైపు తిరిగాడు. కోపం కన్నా అవమానం ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

"మా నాయన కాలం నుంచి లేదురా ఇట్ల. ఈపొద్దు ఒక పెట్టెలో ఉండే జనానికి జడిసి దిగితిని. రేపు సాయంత్రం వరకే నీకు. చప్పుడు కాకుండా చేసుకుంటే గది నీది. ల్యాకుంటే మూటలు ఎక్కుతాయి."

మరునాడు మొదటి బస్సుకే నంద్యాల. నుదుటి అద్దాలాయన నన్ను చూడగానే గల్లాపెట్టె తెరిచాడు, అడగక ముందే. ముక్కను బల్ల మీద పెట్టి ధర చెప్పాడు. తగ్గించినదాని కన్నా ఎక్కువే.

"ఏందన్నా, ఇంత చిన్న ముక్కకు అంతా?"

"మొన్న చిన్నదేనప్పా. ఈపొద్దు పెద్దదయింది."

పక్కనున్న రేడియోను తిప్పి చూశాను. ఆయన టీ తాగుతూ కూర్చున్నాడు. మెట్ల దాకా పోయాను. ఆయన పిలవలేదు. నేనే వెనక్కి తిరిగాను. నా జీవితంలో చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి కొన్నది అదొక్కటే. ఆయన దాన్ని కాగితంలో చుట్టి, పెళ్లి పత్రిక ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

సాయంత్రానికి ఆళ్లగడ్డలో ఆ ముక్కను కన్సోల్‌కు గుచ్చాను. నీలం దీపం వెలిగింది. హెడ్‌ఫోన్లు రెండూ తోక ఆడించినంత వినయంగా కలిశాయి. గడ్డం వాడి ముఖం వెలిగిపోయింది, "బలే ఉందన్నా!" అన్నాడు. గదిలో చీమ చిటుక్కుమనలేదు. మామ మెట్ల మధ్య దాకా వచ్చి, చెవి పెట్టి విని, వచ్చిన దారినే దిగిపోయాడు. ఆయన దిగిపోయాడంటే ఒప్పుకున్నట్టే. నేను కుర్చీలో వెనక్కి వాలి, రెండో టీవీ ఎక్కడ పెట్టాలా అని గోడలు కొలవడం మొదలుపెట్టాను.

మిషన్ నోరు మూయించాను, నిజమే. కానీ చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదన్న సంగతి ఏ అంగట్లోనూ నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో ఓవర్లో గడ్డం వాడు ముందు గొణిగాడు, తర్వాత మాట్లాడాడు, తర్వాత పొలంలో అవతలి గట్టు మీదున్న వాణ్ని పిలిచినట్టు పిలిచాడు. "యాడికి ఏస్తాండావ్‌రా బాల్!" అని వాడు, "కండ్లు యాడ పెట్టుకున్నావ్!" అని కామెంటరీ. నేను చేతులూపాను. వాళ్ల కళ్లు తెర మీద ఉన్నాయి. భుజం తట్టాను. గడ్డం వాడు దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకా ఊపు మీదికి వచ్చాడు.

అప్పుడు కామెంటరీకి బుద్ధి పుట్టింది. చెవిలో గుసగుసగా చెబుతున్నాననుకుని, మెడ పక్కకు వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు అవతల మందుల అంగడి దాకా వినిపించేలా అరిచాడు.

"మెల్లగా మాట్లాడురా! కింద ఆ ముసలోనికి ఇనపడితే గది పోతాది!"

కింద చీరల మడతల చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ఆ గదిలో ఆ చప్పుడు విన్నవాణ్ని నేనొక్కణ్నే. తలుపు తెరుచుకుంది. మామ వచ్చి వాళ్ల వెనకే నిలబడ్డాడు. "ఇప్పుడు బాగుండాది, ఎవరికీ ఇనపడ్ల్యా" అని కామెంటరీ ఇంకోసారి అరిచాడు. మామ వంగి, వాడి చెవి మీది హెడ్‌ఫోన్ గిన్నెను రెండు వేళ్లతో మెల్లగా ఎత్తి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"ఇనపడింది నాయనా."

బేరానికి నేను నోరు తెరవలేదు. తెరిచినా లాభం లేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. ఆయన మళ్లీ ఒక్కమాట మనిషి అయిపోయాడు, నిన్నటి అవమానం అంతా దిగిపోయినట్టు తేలిగ్గా ఉన్నాడు. దుప్పట్ల మూటలు మోయడానికి ఆ కుర్రాళ్లిద్దరూ సాయం పట్టారు. కన్సోల్‌తో పాటు నేను నంద్యాల బస్సెక్కాను, అప్పటి నుంచి పాత్రల అంగట్లోనే ఉన్నాను. గిరాకీ బాగానే ఉంటుంది. మూతలతో సహా అమ్ముతాను.

చలికాలంలో మామ దగ్గరికి పోతే "పైకిపోయి ఒక దుప్పటి తీసుకో అల్లుడూ" అంటాడు. తలుపు తీసి ఆ మూటల మధ్య కాసేపు నిలబడతాను. దూదిలో ఉన్నట్టుంటుంది, రోడ్డు మీది లారీ కూడా వినపడదు. మామ కోరుకున్న గది సరిగ్గా ఇదే. కుర్చీలో వెనక్కి వాలి గోడలు కొలుస్తున్న ఆ మొనగాడు ఒక్కసారి ఎదురుపడితే భుజం తట్టి రెండు ముక్కలు చెబుదామని ఉంటుంది. లాభం లేదు, వాడు వినడు. చెవుల మీద ఏమీ లేకపోయినా వినడు. అంత ధీమా ఇప్పుడు నాకు ఏ అంగట్లోనూ దొరకడం లేదు కాబట్టి, వాణ్ని చూసి నవ్వుకుని, దుప్పటి చంకలో పెట్టుకుని దిగివస్తాను.