బాపు గొంతున్న లింకు

కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో నేను పిల్లలకు కంప్యూటర్ చెప్తాను. లింకు అంటే చిరునామా మాత్రమేనని, అసలు వస్తువు ఇంకెక్కడో ఉంటుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. అట్లాంటిది నేనే తప్పులో కాలేశాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అంటాం. మా బాపు ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తే పని చేసేవాడు. పని చేతకాకుండా అయ్యాక లక్సెట్టిపేటకు వచ్చేశాం. అక్కడ రిటైర్డ్ సారు ఒకాయన ముసలివాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి, సొంతంగా పెట్టుకున్న వెబ్ పేజీలో ఉంచేవారు. బాపు చేత కూడా మాట్లాడించారు. తర్వాత ఆ సారు పోయారు. నాలుగు నెలలకు బాపూ పోయాడు. ఇంట్లో బాపు ఫొటోలు రెండున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు.

దినాలయ్యాక ఆ పేజీ గుర్తొచ్చింది. తెరిచి చూస్తే పేర్లు లేవు, ఒకదాని కింద ఒకటి అంకెలే, రెండు వందల పైచిలుకు. ఏ అంకె ఎవరిదో సారుకే తెలుసు. పది లైన్ల స్క్రిప్టు రాశాను. అది పేజీ మొత్తం చదివి, అందులోని లింకులన్నీ ఏరి ఒక ఫైల్లో వరసగా రాసిపెట్టింది. ఆ వరస పట్టుకుని, మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడల్లా స్టాఫ్ రూంలో ఒక్కొక్కటే తెరిచి వినేవాణ్ని. నాలుగో రోజు బాపు దగ్గు వినపడింది. మాట కంటే ముందు దగ్గే. రెండు నిమిషాలు విన్నాను. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, పక్కన నలుగురున్నారని ఆపేశాను. ఆ లింకు పక్కన చుక్క పెట్టి, ఫైలును మూడు చోట్ల భద్రం చేసుకున్నాను. భద్రం చేసింది లింకులనే. రికార్డింగు దించుకోవాలని ఈ మట్టిబుర్రకు తోచలేదు.

ఆ శనివారం లక్సెట్టిపేటలో ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. "బాపు గొంతు దొరికింది అవ్వా, వింటవా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడొద్దు బిడ్డా. ఏడాది ఎల్లనీ. గప్పటిదాక ఇంట్ల ఆయన గొంతు వినపడితే ఆయన పోలేడు. నీ దగ్గర భద్రంగ ఉన్నది గద?"

"ఉన్నది, ఫికర్ చేయకు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

సంవత్సరీకం నాడు చుట్టాలంతా తిన్నాక అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇగ పెట్టు" అంది. లింకు నొక్కాను. ఏమీ రాలేదు. నెట్ సరిగా లేదేమో అనుకుని పైనున్నవి, కిందున్నవి నొక్కాను. ఒక్కటీ తెరుచుకోలేదు. బయటికి పోయి సారు కొడుకుకు ఫోన్ చేశాను.

"ఆ పేజీకి మేం మళ్ల పైసలు కట్టలేదన్నా, మూతపడ్డది. నాయిన ఫోను, ల్యాప్‌టాప్ గూడ అన్ని తుడిపేసి పిల్లలకిచ్చినం" అన్నాడు మెల్లగా. అతన్ని అనేదేముంది.

లోపలికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వన్న విన్నవా?" అంది.

"జరంత విన్న."

"ఏమన్నడు?"

చెప్పొద్దనిపించింది. కానీ ఆ మాట ఇక నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. బాపు అన్నది అన్నట్టే చెప్పాను. "'మిల్లు నుంచి ఎంత పొద్దువోయి వచ్చినా, మా ఇంటామె నాకు పెట్టకుంట తినలే. నువ్వు తిన్నవా అని నేనే ఒక్కనాడు గూడ అడగలే' అన్నడు."



"అడిగిండు" అంది అవ్వ. "ఒక్కసారి. కరీంనగర్ దవాఖానల, ఆఖరి నాడు. గప్పటికి ఆయన నోట్లెకు నీళ్లు గూడ పోతలేవు."

బాపు మాట ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మూడోసారీ చెప్పాను.

అప్పటికి మూడు దాటింది. పొద్దుటి నుంచి అందరికీ వడ్డించిన అవ్వ ఇంకా తినలేదు. నేనూ అడగలేదు.