మిగిలిన గోళీ

ఎజ్రా అంత జాగ్రత్తపరుడు మా చర్చిలో మరొకడు లేడు. గొళ్లెం పెట్టాక మూడుసార్లు లాగి చూస్తాడు. అందుకు మేమంతా నవ్వుకునేవాళ్లం. ఎందుకలా చేస్తాడో మొన్ననే తెలిసింది.

అతను పనిచేసేది రాజమండ్రి దగ్గర ఒక వర్క్‌షాపులో. గ్యాస్ బావులు తవ్వే మోటార్లు అక్కడికి రిపేరుకు వస్తాయి. పొలంలో నీళ్లు తోడే మోటారు కాదిది. పైపు చివరన భూమిలోకి దిగి, తవ్వే మొనను తిప్పుతుంది. మీద పడే బరువంతా దాని బేరింగే మోయాలి. అందులో వరుసలు వరుసలుగా ఉక్కు గోళీలుంటాయి. ఒక్కటి తగ్గినా మిగతావి ఒకదాన్నొకటి ఒరుసుకుని అరిగిపోతాయి. వాటిని పేర్చడమే ఇరవై రెండేళ్లుగా ఎజ్రా పని.

ఆరేళ్ల కిందట మొగల్తూరు వైపు బావికి మోటారు పంపాక, బల్ల తుడుస్తుంటే గుడ్డ కింద కొత్త గోళీ ఒకటి దొరికింది. బావి దగ్గరికి ఫోను చేస్తే ఆపేవారే. ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకున్నాడు. మూడో రోజున మోటారు మూడు కిలోమీటర్ల లోతులో విరిగింది. పైకి తీయలేక సిమెంటు పోసి బావి మూసేశారు. మొన మీద బరువు ఎక్కువ వేశాడని, అక్కడ తవ్వకం నడిపే డ్రిల్లర్ సామ్యేలును పనిలోంచి తీసేశారు. అతనూ మా చర్చివాడే. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

ఆ గోళీ వల్లే విరిగిందా? తవ్వి చూసే దారి లేదు. ఎజ్రాను తినేసింది అదే. ఎక్కడ నిలబడినా కాళ్ల కింద ఏదో గరగరమని తిరుగుతున్నట్టు వినిపించేదట.

"ఏంటండీ, నేలకు చెవి ఆనించి పడుకుంటారు?" అని భార్య తబిత అడిగితే, చల్లగా ఉందనేవాడట. ఇదంతా తర్వాత ఎజ్రా చెబుతుంటే నాకు జాలి వేసింది, అంతకు మించి ఒళ్లు మండింది.

మొన్న ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు సామ్యేలు లేచాడు.

"నా తొందరపాటు వల్లే ఆ బావి పోయిందండి. మొదట్లో కాదనేవాణ్ణి. ఆలోచించగా ఆలోచించగా తప్పు నాదేనని తెలిసింది. దేవుడు క్షమించాడండి."

సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఎజ్రా చెయ్యి మాత్రం జేబు మీదకు పోయింది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర సామ్యేలును ఆపి, ఆరేళ్లుగా జేబులో దాచుకున్న ఆ గోళీ తీసి చేతిలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. సామ్యేలు దాన్ని వేళ్ల మధ్య దొర్లించి చూశాడు.

"కొత్తదే కదండీ, గీతైనా పడలేదు. ఏ మోటారుదండి ఇది?"

"మీ మోటారుదేనండి. ఆ రోజు నేను వేయడం మర్చిపోయాను."

సామ్యేలు గోళీ మీది నుంచి తలెత్తాడు.

"మరి ఇందాక నన్నెందుకు ఒప్పుకోనిచ్చారండీ?" అన్నాడు.