నెల తప్పిందన్న మాట

నస్పూర్‌లో మా పక్క క్వార్టర్ రాజవ్వ ఈ సాయంత్రం లడ్డూల డబ్బాతో వచ్చింది.

"మా కోడలు లతకు నెల తప్పింది బిడ్డా! సూస్తలేవా, ఎట్ల లావైందో!" అంటూ నా నోట్లో లడ్డూ కుక్కింది. పెళ్లయిన నాలుగేళ్లకని కళ్లు తుడుచుకుంది. మా లైనంతా పంచేసింది.

మా ఇంట్లో మరిచిపోయిన ఖాళీ డబ్బా ఇవ్వడానికి వెళ్తే లత గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"టెస్ట్ చేసుకున్నవా?" అని అడిగాను.

"చేసుకున్న అక్కా, ఏం లేదు. హార్మోన్ల తేడాతోనే నెలలు ఆగుతున్నయని, బరువు పెరుగుతున్నదని పెండ్లికి ముందే మా తల్లిగారి ఊర్ల డాక్టరమ్మ చెప్పింది. ఈడ ఎవ్వలకూ చెప్పలే" అంది.

లోపలి నుంచి రాజవ్వ కేకేసింది: "రేపు పొద్దుగాల కరీంనగర్‌ల స్కానింగ్ బిడ్డా! డాక్టరమ్మకు గూడ ఒక డబ్బ కట్టిన!"

లత తలుపు దగ్గరికేసి, "అత్తమ్మకు ఏమని చెప్పాలె అక్కా?" అంది.

నెల తప్పిందంటే చాలు, మనం మిఠాయి పంచేస్తాం. తప్పింది నెల ఒక్కటే అయితే దాన్ని ఏమనాలి? మీ దగ్గర ఏదైనా మాటుంటే చెప్పండి. పొద్దుటి బస్సులోపు లతకు కావాలి.