కోర్వినా ద్రాక్ష, సుకురమ్మ కాఫీ పళ్ళు

కోవిడ్ సద్దుమణిగాక రెండో పంట అది. అరకులో ఒక కాఫీ సంఘంలో నేను కప్పింగ్ చేసేవాణ్ణి. కప్పింగ్ అంటే వేయించిన గింజల పొడిలో వేడినీళ్ళు పోసి, చెంచాతో జుర్రి, రుచి తేల్చడం. మాది కొండ కింద ఎస్.కోట. నా నాలుక మీద నాకు గట్టి నమ్మకం, ఇప్పటికీ ఉంది.

ఆ జనవరిలో ఒక శాంపిల్ జుర్రగానే పులిసిన పళ్ళ వాసన తగిలింది. కార్డు మీద ‘ఫెర్మెంట్’ అని రాసేశాను. పులిసి చెడిందని అర్థం. ఆ మాట పడితే సరుకు ఎగుమతికి పోదు. తర్వాత నంబరు చూస్తే అది సుకురమ్మది, పై గూడెం రైతు. తొక్క తీసి కడిగే పద్ధతి మాని, మొదటిసారి పళ్ళని పళ్ళలాగే ఎండబెట్టింది. ఆ ఏడు ఆమె పంటంతా అదే.

మర్నాడే వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“రోజుకి నాలుగుసార్లు తిరగేసినాను బాబూ. మంచు పడితే కప్పినాను. ఎలాగ సెడిపోద్ది?”

“నాకు తెలిసిందే రాశాను అప్పా,” అన్నాను, కాస్త కటువుగానే.

ఆ రోజే ఇటలీ నుంచి కాఫీ కొనే మార్కో వచ్చి ఉన్నాడు. గొడవేంటో అడిగి తెలుసుకుని, ఆ కాఫీ మళ్ళీ కలపమన్నాడు. జుర్రి చూసి, సంచిలోంచి ఒక వైన్ సీసా తీశాడు. వాళ్ళ వాల్పొలిచెల్లా కొండల ఎర్ర వైన్, పేరు అమరోనే. మా ఇద్దరికీ చెరో గుక్క పోశాడు. నేనెప్పుడూ వైన్ ముట్టినవాణ్ణి కాదు, గ్లాసు పట్టుకుని ఊరుకున్నాను. సుకురమ్మ తాగి పెదాలు తుడుచుకుంది.

“ఇది పచ్చిపండుతో సేసింది కాదు. ఎండేసిన పండు,” అంది.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే మార్కో కుర్చీలోంచి లేచాడు. ఆ వైన్ చేసే వాళ్ళ కోర్వినా ద్రాక్షకి తొక్క మందమట, కోశాక మూడు నాలుగు నెలలు ఆరబెట్టినా చెడదట. దానికి రొండినెల్లా అనే ఇంకో స్థానిక రకం తోడు. పూర్వం వెదురు తడికల మీదే ఆరబెట్టేవారట. “మీ తడికలు కూడా వెదురువేనా?” అని ఆమెని అడగమన్నాడు.

“మరేటి, ఇనపవా?” అంది సుకురమ్మ.

అప్పుడు ఆ వైన్ ఒక గుక్క తాగి, నోరు పుక్కిలించి, ఆమె కాఫీ మళ్ళీ జుర్రాను. కుళ్ళు లేదు. ఎండిన పండు తీపి, దాని వెనక సన్నటి పులుపు. నాకు తెలియని రుచికి తెలిసిన తిట్టు ఒకటి తగిలించానన్నమాట. సిగ్గేసింది. ఆమె ఎదుటే పాత కార్డు కొట్టేసి కొత్తది రాశాను. ఆ సరుకంతా మార్కో తీసుకున్నాడు.

సుకురమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “వచ్చే ఏడు మా కాడికొచ్చి, తడికలు సూసి రాయి బాబూ.”

అప్పట్నుంచీ కొత్త వాసన తగిలితే పెన్ను పక్కన పెట్టి కొండెక్కుతున్నాను.