ఉట్టి కింద కెమెరా

తెలంగాణ కోసం సమ్మె జోరుగా సాగి బస్సులు ఆగిన రోజులవి. భూపాలపల్లి నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌లోని మా ఇంటికొచ్చి నాయిన దగ్గర హార్మోనియం నేర్చుకునే పిల్ల తన ఊళ్లోనే చిక్కుకుపోయింది. మర్నాడే ఆ ఊరి దీక్షా శిబిరంలో వాయించాలి. పాట చివరి వరుస ఇంకా చేతికి రాలేదు. మధ్యాహ్నం తమ్ముడి కంప్యూటర్‌లో వీడియో కాల్ కలిపాము.

"సారూ, మీ మొఖమే కనవడ్తుంది, వేళ్లు కనవడ్తలేవు."

"నా మొఖం మీద హార్మోనియం మెట్లు లేవు బిడ్డా," అన్నాడు నాయిన.

దూలానికి వేలాడే ఉట్టిలోంచి పెరుగు కుండ దించాను. ఉట్టి అడుగున కంప్యూటర్ వైరు కెమెరా కట్టి, సరిగ్గా దాని కింద హార్మోనియం పెట్టాము. ఉట్టి ఊగుతూనే ఉంది.

"అక్కా, ఉయ్యాలల పండుకున్నట్టుంది. నిద్రొస్తుంది."

కుండను మళ్లీ ఉట్టిలో పెట్టాను. ఆ బరువుకు ఊగుడు ఆగింది. తెరలో నాయిన వేళ్లు నీళ్లలో కదిలినట్టు మెల్లగా కదిలాయి. ఆయన ఆగాక, ఎక్కడో దూరం నుంచి అదే వరుస ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. ఎన్నోసారికో తెగకుండా వచ్చింది. నాయిన కళ్లు మూసుకునే విన్నాడు.

"ఇగ కుండ దించు బిడ్డా, అన్నం తిందాం," అన్నాడు.